పసిపిల్లకు నిద్ర దేనికండీ?

పుట్టిన పిల్లలకు నిద్ర చాలా అవసరమని మొదట ఎవరు కనిపెట్టారో గాని, వాళ్లు సిరిసిల్లలో వెంకటి గారింటికి మాత్రం రాలేదు. వచ్చి ఉంటే, పసిబిడ్డకు కావలసింది నిద్ర కాదు, జనరల్ నాలెడ్జి అని ఒప్పుకుని వెళ్లేవారు.

ఆ ఇంటి కోడలు పద్మలతకు ఇది మూడో కాన్పు. మొదటి రెంటికీ పుట్టింటివాళ్లు పిలిచారు. మూడోదానికి ఎవరు పిలుస్తారు? కాబట్టి అత్తగారింట్లోనే. పాప పుట్టి పద్దెనిమిది రోజులైంది. ఈ లోపల ఆ పిల్ల చదివిన చదువు చూడండి! అక్క సృజన ఎక్కాలన్నీ చెవిలోనే అప్పజెప్పింది. అన్న చింటూ ప్లాస్టిక్ జేసీబీతో మంచం చుట్టూ రోడ్డు వేశాడు, హారన్‌తో సహా. తాత వెంకటి ఫోన్‌లో వార్తలన్నీ స్పీకర్ పెట్టి వినిపించాడు. డొనేషన్ కట్టకుండా ఇంత సిలబస్ ఏ కాన్వెంటులో చెబుతారు?

ముందు గదిలో నాలుగు సాంచెలు నడుస్తాయి. బట్ట నేసే ఆ మరమగ్గాల చప్పుడుకు కొత్తవాళ్లు బెదిరిపోతారు. పాపకు మాత్రం అది కడుపులో ఉన్నన్నాళ్లూ విన్నదే కనుక హాయిగా కునుకు పడుతుంది. చిక్కల్లా కరెంటు పోయినప్పుడే. సాంచెలు ఆగుతాయి. వాడలోని నేతగాళ్లందరికీ ఒకేసారి తీరిక దొరుకుతుంది. దొరికితే ఎక్కడికి వెళతారు? పాపను చూడటానికి వస్తారు.

వచ్చినవాళ్లు ఊరికే చూసి పోతారా? పడుకున్న పిల్లను చూస్తే చూసినట్టా? ఒకరు బుగ్గ గిల్లుతారు, ఒకరు అరికాలు గీరుతారు. "కండ్లు అచ్చం నరేశ్‌వే" అని తండ్రి పోలిక తేలేదాకా సభ ముగియదు. అప్పటికి పాప గుక్కపట్టి ఏడుస్తుంటుంది. "కడుపు నొస్తుందేమో" అని తలా ఒక వైద్యం చెప్పి, కరెంటు రాగానే వెళ్లిపోతారు.

పద్మలతకు భయం పట్టుకుంది. పిల్ల అలసిపోయి, రెండు గుక్కల పాలు కూడా సరిగా తాగడం లేదు. ఇంటికి వచ్చిన ఆస్పత్రి నర్సమ్మ తూకం వేసి చూసింది.

"బరువు పెరుగుత లేదమ్మా. పిల్లకు నిద్ర లేదు. జర గుంపు తగ్గించుండ్రి" అన్నది.

అత్త అనసూర్య ఈ మాటను చాలా సీరియస్‌గా తీసుకుంది. ఎంతగా అంటే, పాప దగ్గర ఎవరూ మాట్లాడవద్దని చెప్పడానికి వాడంతటినీ పాప దగ్గరికే పిలిపించింది. చింటూను కాపలా పెట్టింది. వాడు డ్యూటీ ఎగ్గొట్టే రకం కాదు. రెండు నిమిషాలకోసారి తలుపు తోసి, "మమ్మీ, చెల్లె పండుకున్నదా?" అని గట్టిగా అడిగి, లేచిందని రూఢి చేసుకున్నాకే వెళ్లేవాడు.

సైన్సుతో పని కాదని పద్మలతకు అర్థమైంది. మర్నాడు కరెంటు పోయింది, గుంపు వచ్చింది. ఆమె వాళ్లను గడపలోనే ఆపి మెల్లగా చెప్పింది.

"అత్తమ్మా, మా అవ్వకు వేములవాడల ఒక ముసలమ్మ చెప్పిందట. ఇరవై ఒకటో నాడు తొట్టెలల ఏసేదాక, పండుకున్న పిల్లను చూసినోళ్లకు ఇగ నిద్ర పట్టదట."

అనసూర్య ఒక అడుగు వెనక్కి వేసింది. "గీ ముచ్చట ముందుగాల చెప్పద్దా బిడ్డా. నాకు అసలే నిద్ర తక్కువ."

నిమిషంలో గడప ఖాళీ అయింది. పాప మూడు గంటలు పడుకుని, లేచి కడుపు నిండా పాలు తాగి, మళ్లీ పడుకుంది.

చదువుకున్న కోడలు ఇంత అబద్ధం ఆడవచ్చా అని మీరు అడగవచ్చు. అబద్ధమని ఎవరన్నారు? ఇన్ని రోజులుగా ఆ పిల్ల పడుకుందో లేదో అని రెప్ప వేయకుండా చూస్తున్నది ఒక్క పద్మలతే. నువ్వు పడుకున్నావా అని ఆమెను, ఆ గడప తొక్కినవాళ్లలో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.