పూల మీద వేలిముద్రలు

రండి, ఇలా దగ్గరికి రండి. గుమ్మం దగ్గర కూర్చున్నదానా, నువ్వు కూడా ఇటు జరుగు. ఈ కథ గొంతెత్తి చెప్పేది కాదు. ఎందుకు కాదో చివరికి మీకే తెలుస్తుంది.

"నేరస్థులారా, ఇక మీ ఆటలు చెల్లవు! ఈ కంటిని మోసం చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా ఉయ్యాల్లోనే పట్టేస్తాను!"

ఈ మాటలన్నది పోలీసూ కాదు, పోలీసుకి చుట్టమూ కాదు. గడియారాలు బాగుచేసుకు బతికిన మనిషి. నలభై ఏళ్ళపాటు కుడికంటికి నల్లటి గొట్టంలాంటి అద్దం బిగించుకుని, చీమ కాలంత మరల్ని పట్టకారుతో పట్టి కూర్చినవాడు. దుకాణం మూసేశాక కూడా ఆ అద్దం ఆయన్ని వదల్లేదు. అద్దం ఉంది, కన్నుంది, చూడటానికే ఏమీ లేదు. ఏం చేస్తాడు పాపం, డిటెక్టివ్ అయ్యాడు. అందరూ ఆయన్ని అద్దాల బావ అనేవాళ్ళు. పిలుపుకి అందరికీ బావే గానీ, వరసకి నిజంగా బావ అయ్యేది మొక్కలమ్మకే. ఆమె అక్క మొగుడు.

అంతకుముందు ఆయన ఛేదించిన కేసు ఒక్కటే. పక్కింటి వసారాలో గొడుగు ఎవరైనా కాజేస్తారేమోనని మూడు రోజులు వానలో కాపు కాశాడు. నాలుగోరోజు దాన్ని పట్టుకుపోతున్నవాణ్ణి కాలరు పట్టి వీధిలో నిలబెట్టాడు. ఆ గొడుగు అతనిదే. ఆ ఇల్లూ అతనిదే. ఆ వానలో తడిసి జలుబు చేసింది మాత్రం బావకి.

ఇప్పుడీ నేరస్థుల ప్రకటన చేసింది మొక్కల తోటలో, అద్దాల గది గుమ్మం మీద. ప్రకటన పూర్తవుతూనే నీళ్ళ డబ్బాలో కాలు పెట్టాడు.

"ముందు అందులోంచి కాలు తియ్యండి బావగారూ" అంది మొక్కలమ్మ. "నేరస్థుల్ని తర్వాత పట్టుకుందురుగాని."

మొక్కలమ్మ ఆ తోటలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. ఆమె కళ్ళలో పెట్టుకు పెంచిన పొదలు రెండున్నాయి. నడుమెత్తు పొదలు, సన్నటి బూడిదరంగు ఆకులు, మూతి విరిచినట్టుండే లేత ఊదా పూలు. పుదీనా వంశమే. పుదీనా అంటే తడి ఉన్నచోటల్లా కాపురం పెట్టేస్తుంది గానీ, ఇది పుట్టింటి గడప దాటని చాదస్తపు మనిషి లాంటిది. రెండంటే రెండే ఇసుక దిబ్బల మీద పుట్టేది. ఒక దిబ్బ మీద రోడ్డు పడింది. రెండోదాన్ని ఇళ్ళ పునాదుల్లోకి తోలుకుపోయారు. పదకొండేళ్ళ కిందట, తవ్వేముందు ఒక్కో దిబ్బ నుంచి ఒక్కో మొక్క తేగలిగారు, అంతే. కొమ్మ గుచ్చితే వేరు పట్టదు. గింజ పడాలి, ఆ గింజ మొలవాలి. వేరే దారి లేదు.

పూలు యేటా వస్తాయి, రాలతాయి. పువ్వు రాలాక కింద పచ్చటి చిన్న గిన్నె మిగులుతుంది. అందులో నాలుగు గింజలుండాలి. పదకొండేళ్ళుగా ఒక్క గిన్నెలో ఒక్క గింజ లేదు. పొదలేమో ముసలివైపోతున్నాయి.

తోట ఆఫీసరమ్మ తేల్చి చెప్పేసింది. "నెలాఖరుకి వచ్చి చూస్తాను. ఈసారీ గింజ పడకపోతే రెంటినీ పెద్ద తోటకి పంపేద్దాం. మన చేతిలో కాలేదు, వాళ్ళనైనా చూడనిద్దాం."

రెండు రోజుల లారీ ప్రయాణం. దారిలోనే ప్రాణం విడుస్తాయని మొక్కలమ్మకి తెలుసు. తెలిసే అక్క ఇంటికెళ్ళి, వంటింట్లో పీటేసుకుని ఏడ్చింది. ఏడుపు వినబడితే కేసు వచ్చిందనుకునే మనిషి పక్కగదిలో ఉన్నాడు.

"గిన్నెలున్నాయి, గింజల్లేవు" అంటూ అద్దం బిగించుకుని ఊడిపడ్డాడు. "గడియారం డిప్ప ఉండి లోపల మరలు లేకపోతే ఏమిటర్థం? ఎవడో తీశాడు! మరదలా, ఇది మామూలు దొంగతనం కాదు. దీని వెనక రక్తం గడ్డకట్టించే ముఠా ఉంది."

"పదకొండేళ్ళుగా ఆ ముఠాకి ఇదొక్కటే పనా బావగారూ?"

"అదే వాళ్ళ ఓపిక! అక్కడే నాకు ఒళ్ళు జలదరిస్తోంది."

అక్క చెల్లెలి చెవిలో చెప్పింది: "తీసుకెళ్ళవే తల్లీ, నీకు పుణ్యముంటుంది. నిన్నంతా పంచదార డబ్బా మీద వేలిముద్రలు తీశాడు. అన్నీ ఆయనవే."

అలా వచ్చాడు బావ.

పొదలు రెండూ ఒకచోట ఉండవు. ఒకదానికి తెగులు తగిలితే రెండోదైనా బతకాలని, ఒకటి తూర్పు గదిలో, ఒకటి పడమటి గదిలో. కిటికీలకి దోమ కూడా దూరని వల. తలుపులకి తాళాలు. రెండు గదుల్లోనూ ఒకే బోర్డు: 'పూలను తాకరాదు.' ఆ బోర్డు రాయించిన పాత ఆఫీసరు ఉద్యోగం దిగిపోయి పదకొండేళ్ళయింది. బోర్డు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. మొక్కలమ్మ దాని మాట జవదాటలేదు. నీళ్ళు పోసేటప్పుడు ఊపిరి కూడా పక్కకి తిప్పుకుని వదిలేది.

బావ తూర్పు గదిలో పొద ముందు మోకాళ్ళ మీద కూర్చోబోయి, మోకాళ్ళు ఒప్పుకోక, ఎత్తుపీట తెప్పించుకున్నాడు. ఒక కొమ్మని వేళ్ళ మధ్య తిప్పి కెవ్వుమన్నాడు.

"మరదలా! కాడ గుండ్రంగా లేదు! నాలుగు పలకలుగా ఉంది! ఎవడో ఉలి పెట్టి చెక్కాడు!"

"పుదీనా కాడ ఎప్పుడైనా చేత్తో పట్టుకుని చూశారా మీరు?"

"తిన్నాను."

"ఆ వంశంలో చాలావాటికి కాడలు పలకలే. మీ వంశంలో అందరికీ చెవులు పెద్దవైనట్టు."

బావ చెవి తడుముకుని ఆ విషయం డైరీలో రాసుకున్నాడు. తర్వాత ఆకు నలిపి వాసన చూశాడు. ఒక్కసారిగా ముఖం వెలిగిపోయింది.

"పిప్పరమెంటు! దొంగ పిప్పరమెంటు బిళ్ళ చప్పరిస్తూ వచ్చాడు! ఈ తోటలో పిప్పరమెంటు తినేదెవరు?"

"దగ్గు తాత. కానీ బావగారూ, ఆ వాసన ఆకుదే..."

ఆమె మాట ఆమె నోట్లోనే ఉంది, ఆయన గేటు దగ్గరున్నాడు. దగ్గు తాత అక్కడి కాపలా మనిషి. దగ్గు ఆగడానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బుగ్గన బిళ్ళ పెట్టుకునే ఉంటాడు.

"నోరు తెరువు!" అన్నాడు బావ.

తాత తెరిచాడు. లోపల బిళ్ళ ఒకటి, పన్ను ఒకటి.

"దొరికాడు! గింజలు ఎక్కడ దాచావు?"

"బాబూ, బిళ్ళ నమల్లేకే నాలుగు గంటలు చప్పరిస్తాను. గింజలు నేనేం చేసుకోను?"

"ఆ అమాయకత్వమే నిన్ను పట్టిస్తోంది!"

తాతకి కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళ నౌకరీలో ఒక ఆకు కూడా తుంపలేదన్నాడు. తాళాల గుత్తి మొక్కలమ్మ చేతిలో పెట్టి, రేపటి నుంచి రానని గేటు బయట రాయి మీద కూర్చున్నాడు. ఆయన్ని బతిమాలి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ గుత్తి పుచ్చుకునేట్టు చేసేసరికి గంట పట్టింది మొక్కలమ్మకి.

ఆ గంటే కొంప ముంచింది.

ఆమె తిరిగి వచ్చేసరికి బావ రెండు గదులూ తిరిగేశాడు. ఈ గది నుంచి ఆ గదికి, ఆ గది నుంచి ఈ గదికి, లెక్క తప్పి మళ్ళీ మొదటికి. చేతిలో గడియారం మరల దుమ్ము దులిపే మెత్తటి కుంచె. పువ్వు పువ్వుకీ కుంచె తిప్పి, అద్దంలోంచి చూసి, దాని కాడకి చిన్న చీటీ వేలాడదీశాడు. దుకాణంలో రిపేరుకి వచ్చిన గడియారాలకి కట్టే చీటీలే అవి. 'సాక్ష్యం 1', 'సాక్ష్యం 2', అలా నూట పన్నెండు దాకా.

"ఏం చేస్తున్నారు?" అంది మొక్కలమ్మ.

"వేలిముద్రలు తీస్తున్నాను. పౌడరు ఇంట్లో మర్చిపోయాను గానీ, పరవాలేదు, దొంగే పొడి వదిలి వెళ్ళాడు. చూడు!" కుంచె చివర పసుపుపచ్చటి పుప్పొడి. "రెండు గదుల్లోనూ ఇదే రంగు! అంటే ముఠా నాయకుడు ఒక్కడే!"

ఆమె బోర్డు వైపు చూపించింది.

"చదివాను" అన్నాడు బావ. "తాకకూడదన్నారు కాబట్టే కుంచెతో చేశాను."

అప్పుడు మొదలుపెట్టింది మొక్కలమ్మ. ఆ వచ్చిన మాటలు నేను మీకు చెప్పను, అందులో కొన్ని ఆమెకి అంతకుముందు తెలుసని ఆమెకే తెలియదు. వరస, మర్యాద, గారూ గీరూ అన్నీ గాలికి పోయాయి. బావ కుంచె జేబులో పెట్టుకుని, ఎత్తుపీట పట్టుకుని, తల వంచుకు వెళ్ళిపోయాడు. కాసేపటికి పీట తోటదని గుర్తొచ్చి తెచ్చి గుమ్మంలో పెట్టి, మళ్ళీ తల వంచుకు వెళ్ళాడు.

వారం తిరిగేసరికి పూలన్నీ రాలాయి. మొక్కలమ్మ అక్క ఇంటికి వెళ్ళడం మానేసింది. పొదల్ని లారీ ఎక్కించడానికి గడ్డి పరిచిన చెక్కపెట్టెలు రెండు తనే సిద్ధం చేసింది. మేకులు కొడుతుంటే దగ్గు తాత ఒక్కొక్కటే అందించాడు.

నెలాఖరు రోజు పొద్దున్నే, పెట్టెలోకి ఎత్తేముందు చీటీలు తీసేద్దామని కత్తెర పట్టుకుంది. 'సాక్ష్యం 41' ఉన్న చోట గిన్నె బరువుగా ఉంది. ఎండలేదు, ముడుచుకోలేదు. అరచేయి కింద పట్టి మెల్లగా తట్టింది.

నాలుగు గింజలు. ఆవగింజంత, నల్లగా, అరచేతి గీతల మధ్య కూర్చున్నాయి.

ఇంకోటి తట్టింది. నాలుగు. ఇంకోటి. మూడు. కత్తెర ఎక్కడ పడిందో తెలియదు. పడమటి గదికి పరుగెత్తింది, అక్కడా అంతే. అప్పుడు ఆమెకి ఒకటి కనబడింది. చీటీలున్న గిన్నెల్లోనే గింజలున్నాయి. కింది కొమ్మల్లో, మోకాళ్ళు వంగక బావ వెళ్ళలేని చోట, చీటీల్లేవు. ఆ గిన్నెలన్నీ ఖాళీ.

మొక్కలమ్మ నేల మీద కూర్చుండిపోయింది. వల వైపు చూసింది, తాళం వైపు చూసింది, బోర్డు వైపు చూసింది. ఈ పొద పుప్పొడి ఆ పొదకి చేరాలి. చేర్చే తేనెటీగకి పదకొండేళ్ళుగా దారి లేదు. దొంగ ఎవరో ఇప్పుడు తెలిసింది. రోజూ పొద్దున్నే తాళం తీసి, సాయంత్రం తాళం వేసి, ఊపిరి పక్కకి వదిలింది ఎవరు మరి?

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి వచ్చేసరికి దగ్గు తాత భయపడి ఒక బిళ్ళ ఇచ్చాడు.

ఆఫీసరమ్మ వచ్చి, గింజలు చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. "పెట్టెలు విప్పేయండి" అంది. "ఎక్కడికీ పంపట్లేదు. ఇంతకీ ఎలా పడ్డాయి?"

మొక్కలమ్మ జవాబు చెప్పబోయేంతలో గుమ్మంలో గొంతు ఖంగుమంది. అక్క బలవంతం మీద క్షమాపణ అడగడానికి వచ్చిన బావ, గింజలు చూడగానే వచ్చిన పని మర్చిపోయాడు.

"తిరిగి పెట్టేశారు!" అని చేయెత్తాడు. "చూశారా! నా దర్యాప్తుకి గడగడలాడి, మొత్తం ముఠా దొంగసొత్తు తెచ్చి ఎక్కడివక్కడ పెట్టి పారిపోయింది! సాక్ష్యం ఒకటి నుంచి నూట పన్నెండు దాకా!"

ఆఫీసరమ్మ మొక్కలమ్మ వైపు చూసింది. మొక్కలమ్మేమో, కుంచె తొంగిచూస్తున్న బావ జేబు వైపు చూసింది.

"అవును బావగారూ" అంది. "మీరు రాకపోతే ఏమైపోయేదో." ఆ మాటలో అబద్ధం వెతకండి చూద్దాం.

తర్వాతి యేడు పూలు విచ్చగానే తనే చేద్దామని ఒక కుంచె కొంది మొక్కలమ్మ. మట్టి పిసికి పిసికి మొద్దుబారిన వేళ్ళాయె, మొదటి పూటే ఆరు పూలు చేతిలోకి ఊడొచ్చాయి. చీమ కాలంత మరల్ని కూర్చిన చేయి ఆమెకెక్కడిది? నేరుగా అక్క ఇంటికి వెళ్ళి నిజమంతా చెప్పింది.

"ఆయనకి చెప్పకే" అంది అక్క. "తోటపని అని తెలిస్తే నడుం నొప్పంటాడు. కేసంటేనే కదులుతాడు."

మొక్కలమ్మ కళ్ళు కొంగుతో రుద్దుకుని, పక్కగది గుమ్మంలో నిలబడి, ముక్కు ఎగబీల్చింది. "బావగారూ, ముఠా మళ్ళీ వచ్చినట్టుంది."

లోపల అద్దం బిగించుకున్న చప్పుడు.

అప్పటి నుంచి యేటా ఇదే. ముఠా పూల వేళకి రావడం, బావ రెండు గదులూ తిరగడం, భయపడి సొత్తు తెచ్చి పెట్టేయడం. తూర్పు గదిలో ఇప్పుడు పిల్ల పొదలే నలభై దాకా ఉన్నాయి. దగ్గు తాత మాత్రం ఆ వారం రోజులూ బిళ్ళ మానేసి దగ్గుతాడు, ఎందుకొచ్చిన గొడవని.

ఇదీ కథ. మర్చిపోకండి. మీ పిల్లలకి చెప్పండి, వాళ్ళ పిల్లలకి చెప్పమనండి. కానీ ఎప్పుడు చెప్పినా ఇలాగే దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పండి. ఆయన పక్కగదిలోనే ఉన్నాడు, సోమవారానికి పూలు విచ్చుతాయి.