తిమ్మప్ప జాతరలో టిమ్మీ

ఇంట్లో తెలుగు మాట్లాడడం మానేస్తే సంసారాలు బాగుపడతాయి!

ఈ మాట నేను గాలికి అనడం లేదు. వనపర్తిలో మా పక్కింటికీ మా ఇంటికీ మధ్య ఉన్న గోడ మీద చెయ్యి పెట్టి అంటున్నాను. చాలా సన్నని గోడ అది. అవతల పోపు వేస్తే ఇవతల నేను తుమ్ముతాను. కాబట్టి పక్కింటి శ్రవణ్ కుమార్ సంసారం నేను కావాలని వినలేదు. వినక తప్పలేదు.

శ్రవణ్ కుమార్‌ది ఎరువులు, పురుగు మందుల దుకాణం. భార్య పేరు స్వరూప. ఒక్కడే కొడుకు. మల్దకల్ తిమ్మప్పకు మొక్కుకుంటే పుట్టాడని, శ్రవణ్ తల్లి భీమమ్మ గోపాల్‌పేట నుంచి వచ్చి మరీ మనవడికి తిమ్మప్ప అని పేరు పెట్టింది.

2004లో ఆ పిల్లవాణ్ణి ఇంగ్లిష్ మీడియం స్కూల్లో ఎల్‌కేజీలో చేర్చారు. అప్లికేషన్‌లో పేరు చూసి కరస్పాండెంట్‌గారు పంటినొప్పి వచ్చిన మనిషిలా ముఖం పెట్టారట. అంతే! ఆ సాయంత్రానికే తిమ్మప్ప టిమ్మీ అయిపోయాడు.

"టిమ్మీ, కం!" అని శ్రవణ్ మొదటిసారి పిలిచినప్పుడు వీధికుక్క ఒకటి వచ్చి వాళ్ల గడప ముందు నిలబడింది. మా వీధిలో ఇంగ్లిష్ ముందుగా అర్థమైన ప్రాణి అదే.

కొన్నాళ్లకు స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ జరిగింది. "మేం పగలంతా కష్టపడి ఇంగ్లిష్ నేర్పిస్తున్నాం, మీరు సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి తెలుగుతో చెడగొడుతున్నారు" అని కరస్పాండెంట్‌గారు తల్లిదండ్రులందరినీ చెడామడా తిట్టారు. తెలుగులోనే తిట్టారు. లేకపోతే వాళ్లకు సిగ్గు ఎలా వస్తుంది?

శ్రవణ్ ఇంటికి వచ్చి చట్టం చేశాడు. టిమ్మీ మెలకువగా ఉన్నంతసేపు ఇంట్లో తెలుగు నిషేధం!

అయ్యలారా, అమ్మలారా! ఆ రోజు నుంచి మా పక్కింట్లో నెలకొన్న శాంతిని నేనేమని వర్ణించను? అంతకుముందు మొగుడూ పెళ్లాల మధ్య కూరలో ఉప్పు దగ్గర మొదలైన తగువు స్వరూప పుట్టింటి దాకా వెళ్లి, అక్కడ భోజనం చేసి తిరిగి వచ్చేది. స్వరూప నోరు విప్పిందంటే శ్రవణ్ తాతముత్తాతలు వరుసగా వీధిలోకి వచ్చి నిలబడాల్సిందే. ఇప్పుడో? "యూ... యూ..." అంటుంది. ఆ పైన మాట దొరకదు. స్టీలు పళ్లెం ఒకటి నేలకేసి కొడుతుంది. పళ్లేనికి మీడియంతో పని లేదు కదా!

శ్రవణ్ నాగర్‌కర్నూల్ కాలేజీలో తెలుగు మీడియం డిగ్రీ చదివినవాడు. అతనికి వచ్చిన ఇంగ్లిష్ అంతా పురుగు మందు డబ్బాల మీద చదివి నేర్చుకున్నదే. కొడుక్కి పాలగ్లాసు ఇస్తూ "షేక్ వెల్ బిఫోర్ యూజ్" అనేవాడు. పొయ్యి దగ్గరికి పోతుంటే "కీప్ అవే ఫ్రం చిల్డ్రన్!" అని అరిచేవాడు. పిల్లవాడు బిత్తరపోయి చూసేవాడు. చూస్తే తప్పేముంది? చూపుకు గ్రామరు అక్కర్లేదు.

అన్నింటికన్నా పెద్ద వరం ఇంకొకటుంది. టిమ్మీ ప్రశ్నలు అడగడం మానేశాడు! "మే ఐ డ్రింక్ వాటర్", "మే ఐ గో టు టాయిలెట్", "యెస్ డాడీ", "సారీ డాడీ". ఇంతే. చందమామ మన బస్సు వెంట ఎందుకు వస్తుంది, చీమలకు నిద్ర ఉంటుందా, చచ్చిపోయిన తాత ఇప్పుడేం తింటాడు అని తల్లిదండ్రుల బుర్ర తినే పిల్లలు ఒకప్పుడు ఉండేవారు. ఇవన్నీ ఇంగ్లిష్‌లో అడగాలంటే ఏడేళ్ల పిల్లవాడి వల్ల అవుతుందా? ఒకవేళ అడిగినా జవాబు చెప్పడం పురుగు మందు డబ్బా వల్ల అవుతుందా?

ఆ చట్టం వచ్చిన కొత్తలోనే, భర్త పెంటయ్య పోయాక భీమమ్మ కొడుకు దగ్గరికే వచ్చేసింది. వచ్చిన రోజే శ్రవణ్ ఆమెకు నచ్చజెప్పడం గోడ ఇవతల నుంచి విన్నాను.

"అమ్మా, వానితోటి తెలుగుల మాట్లాడకే. మార్కులు పోతయ్."

"మరి నాకొచ్చింది గదే గదరా. ఏం మాట్లాడాలె?"

"ఏం మాట్లాడకు."

చూశారా, ఎంత తేలికైన పరిష్కారమో! పాతకాలం మనిషి కాబట్టి ఆమెకు దాని విలువ తెలియలేదు. మధ్యాహ్నం పూట మా అరుగు మీదికొచ్చి కూర్చునేది.

"మా శ్రవణు చిన్నప్పుడు వాళ్ల నాయినతోటి బండ్ల కూసుంటే చేను కాడికి పోయేదాంక వాగుతనే ఉంటుండె సారూ. నోరు మూసిండంటే జెరమొచ్చిందేమో అని నొసలు పట్టి సూసేటోళ్లం" అనేది.

"మరి మనవడో?" అని అడిగాను ఒకసారి.

"వీడు నోరు తెరిస్తే నొసలు పట్టి సూడాలె."

ఇలా ఇల్లు ప్రశాంతంగా సాగిపోతుండగా 2007 చలికాలంలో మల్దకల్ జాతర వచ్చింది. పిల్లవాడు పుట్టినప్పటి మొక్కు ఇంకా తీరలేదు. తీరుద్దామని అనుకున్నప్పుడల్లా యూనిట్ టెస్టులు అడ్డం వచ్చాయి. ఈసారి భీమమ్మ అన్నం మానేసి కూర్చుంది. నిరాహారదీక్ష ఏ భాషలో ఉన్నా అర్థమవుతుంది కాబట్టి శ్రవణ్ జీపు మాట్లాడాడు. తోడుగా నన్నూ ఎక్కించుకున్నారు.

జాతరలో ఇసుక వేస్తే రాలనంత జనం. శ్రవణ్ కొడుకు చెయ్యి పట్టుకుని ముందు నడుస్తున్నాడు. ఇంతలో కొత్తగా కొన్న సెల్‌ఫోను మోగింది. ఎవరో డీలరు. ఆ హోరులో మాట వినబడక శ్రవణ్ ఒక చేత్తో ఫోను, రెండో చేత్తో రెండో చెవి పట్టుకున్నాడు. మనిషికి చేతులు రెండే కదా! పిల్లవాడి చెయ్యి మిగిలిపోయింది.

ఫోను పెట్టేసి చూస్తే టిమ్మీ లేడు.

భీమమ్మ గుండెలు బాదుకుంటూ "తిమ్మప్పా! ఓ తిమ్మప్పా!" అని కేక పెట్టింది. ఎక్కడ? తిమ్మప్ప జాతరలో! నాలుగు దిక్కుల నుంచి పిల్లలు, పెద్దలు, గడ్డాలు నెరిసినవాళ్లు "ఆ!" అని వెనక్కి తిరిగారు. "ఏందమ్మా, నన్నేనా?" అంటూ ఒక ముసలాయన దగ్గరికే వచ్చాడు. గుళ్లో దేవుడు కూడా ఒకసారి ఇటు చూసే ఉంటాడు.

శ్రవణ్ "టిమ్మీ! టిమ్మీ! కం హియర్!" అని అరుస్తూ పరుగెత్తాడు. చెరుకురసం బండివాడు జాలిపడి "ఏం రంగుది సార్ కుక్క?" అని అడిగాడు. శ్రవణ్ అతని కాలరు పట్టుకోబోతే నేను ఆపాను.

అక్కడ పిల్లవాడికి ఏం జరిగిందో మాకు తర్వాత తెలిసింది. గుంపు తోసుకుంటూ పోతే వాడు ఒక గాజుల దుకాణం దగ్గర తేలాడు. గద్వాల నుంచి వచ్చిన మెహబూబీ దుకాణం అది. నిలబడి వెక్కుతున్న పిల్లవాణ్ణి చూసి ఆమె బేరం వదిలేసి దగ్గరికి తీసుకుంది.

"ఎవల పిలగానివి బేటా? మీ అమ్మ యాడుంది? ఏ ఊరు మీది?"

వాడు నోరు తెరిచాడు. మళ్లీ మూసేశాడు. ఆమె ఉర్దూలో అడిగింది. సరిహద్దు ఊళ్లలో గాజులమ్మే మనిషి కాబట్టి కన్నడంలోనూ అడిగి చూసింది. తల అడ్డంగా తిప్పుతాడు, కళ్ల నీళ్లు పెట్టుకుంటాడు. మాట లేదు. అయ్యో, మూగపిల్లగాడు అనుకుంది. చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తీసుకుపోయింది.

మైకు దగ్గర కమిటీ మనిషి నర్సింహులు ఉన్నాడు. క్యూలు సర్దడానికి అతని చేతిలో బెత్తం ఉంది. ఆ బెత్తం చూడగానే పిల్లవాడికి స్కూలు గుర్తొచ్చి పెదవులు ఇంకా గట్టిగా బిగించాడు.

"మాటలు రాని పిలగాడు ఒకడు దొర్కిండు! నీలమంగీ, తెల్లబూట్లు! వాని తాలూకు మనుషులు ఎవలున్నా జల్ది మైకు కాడికి రావాలె!"

ఈ కేక మేమందరం విన్నాం. స్వరూప ఆగిపోయింది.

"నీలమంగీనే గదయ్యా వాడు తొడుక్కున్నది?"

"మాటలు రానోడంటుండ్రు గద! మనోడు ఇంగ్లిష్ ఫ్లూయెంట్!" అన్నాడు శ్రవణ్.

తండ్రికి కొడుకు మీద ఎంత నమ్మకం ఉండాలో చూడండి! ఆ నమ్మకంతోనే మేం మైకుకు వీపు పెట్టి, లారీలు పోయే రోడ్డు వైపు పరుగెత్తాం. రోడ్డు పక్కన పాడుబడ్డ బావి ఒకటి కనిపించింది. శ్రవణ్ దాని గట్టు దాకా వెళ్లి ముఖం తిప్పుకున్నాడు. నేను చూశాను. నీళ్ల మీద ఆకులు తప్ప ఏమీ లేవు. అయినా స్వరూప దుమ్ములో కూలబడి "నా కొడుకా! నా బంగారు తండ్రీ!" అని ఏడ్చింది. మూడేళ్లలో ఆమె గొంతు అంత నిండుగా నేను వినడం అదే మొదలు. ఇంగ్లిష్‌లో ఏడవడం ఎలాగో పేరెంట్స్ మీటింగ్‌లో చెప్పి ఉండరు.

మైకు మళ్లీ అరిచింది. మాటలు రాని పిలగాడు...

భీమమ్మ టక్కున నిలబడింది. "గా మూగోడు మనోడే."

"నీకు తెల్వదమ్మా, ఊకో!"

"నాకే తెలుసురా. మూడేండ్ల సంది ఇంట్ల సూస్తలేనా?"

కొడుకు జవాబు కోసం ఆగకుండా ఆమె వెనక్కి తిరిగి నడిచింది. మేం వెంట పరుగెత్తాం.

టిమ్మీ మెహబూబీ ఒళ్లో కూర్చుని ఉన్నాడు. చేతిలో బొరుగుల పొట్లం. నాయనమ్మ కనిపించగానే పొట్లం ఎగిరిపోయింది.

"అవ్వా! యాడికి పోయినవ్ అవ్వా? నేను పిలుస్తనే ఉన్న, డాడీ ఫోన్ మాట్లాడుకుంట పోయిండు, నన్ను ఒకడు తొక్కిండవ్వా, నా కాలు సూడు, గీమె నాకు బొరుగులు పెట్టింది, నువ్వు ఎందుకు రాలే అవ్వా..."

ఆమె మెడ చుట్టేసుకుని వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. మూడేళ్ల మాటలు ఒక్కసారి బయటికి వస్తుంటే ఊపిరి చాలడం లేదు. అప్పుడు వాడి కళ్లు వెనకాల నిలబడ్డ తండ్రి మీద పడ్డాయి. అరచేత్తో నోరు మూసుకున్నాడు.

"సారీ డాడీ."

"యా అల్లా! మాటలొస్తయా వీనికి?" అంది మెహబూబీ. "గంతగనం అడిగితిని గద బేటా, జర నోరు తెరిసి చెప్తే ఏమైతుండె?"

పిల్లవాడు భీమమ్మ చెవిలో ఏదో గొణిగాడు. ఆమె దాన్ని అందరికీ వినబడేలా చెప్పింది.

"తెలుగుల చెప్తే బడిల మోకాళ్ల మీద నిలవెడ్తరంట. ఇంగ్లిష్‌ల ఎట్ల చెప్పాల్నో తెల్వదంట."

నర్సింహులు చేతిలో బెత్తాన్ని మెల్లగా వెనక్కి పెట్టుకున్నాడు. శ్రవణ్ మోగని ఫోను తీసి, దాని వంకే చూస్తూ నిలబడ్డాడు.

ఇక్కడితో ఆ తండ్రికి కనువిప్పు కలిగిందని మీరు అనుకుంటున్నారు కదూ? ఆధునిక తండ్రిని అంత తక్కువ అంచనా వేయకండి! సోమవారం పొద్దున అతను స్కూలుకు వెళ్లాడు. జరిగినదంతా చెప్పాడు. నిలదీయడానికే వెళ్లాడని నేనూ ఆశపడ్డాను. కరస్పాండెంట్‌గారికి మాత్రం వింటూ వింటూ కళ్లు చెమ్మగిల్లాయట.

"తప్పిపోయి కూడా, ఏడుస్తూ కూడా, పరాయివాళ్లతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదా? శ్రవణ్‌గారూ, ఇది మా స్కూలు డిసిప్లిన్!"

శ్రవణ్ ఛాతీ వెడల్పు చేసుకుని ఇంటికి వచ్చాడు.

ఫిబ్రవరిలో యాన్యువల్ డే. బెస్ట్ ఇంగ్లిష్ స్టూడెంట్ షీల్డు టిమ్మీకే! నేను, భీమమ్మ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. కరస్పాండెంట్‌గారు జాతర సంగతిని ఇంగ్లిష్‌లో వర్ణించి చెబితే, అర్థమైనవాళ్లూ కానివాళ్లూ ఒకేలా చప్పట్లు కొట్టారు. టై కట్టుకున్న టిమ్మీ స్టేజీ మీదికి వచ్చాడు. మైకు కిందికి వంచి, నాలుగు మాటలు చెప్పమన్నారు.

పిల్లవాడు మైకు వంక చాలాసేపు చూశాడు.

"థాంక్యూ" అన్నాడు.

హాలు దద్దరిల్లింది. భీమమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఏమన్నడు సారూ నా మనుమడు?"

"సంతోషం అన్నాడమ్మా."

"గంతేనా?"

"అంతే."

"మరి సంతోషం మొకం మీద లేదేంది?"

నేను గంభీరంగా గొంతు సవరించుకున్నాను. ఇంగ్లిష్ మీడియం గొప్పతనాన్ని ఆమెకు వివరించబోతున్నాను. ఇంతలో ఫొటోగ్రాఫర్ కెమెరా సర్దుకుని, అలవాటు కొద్దీ తెలుగులో "జర నవ్వు బాబూ" అన్నాడు.

టిమ్మీ షీల్డును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. కరస్పాండెంట్‌గారి వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు. నవ్వలేదు.

పాపం, నవ్వు ఏ భాష కిందికి వస్తుందో వాడికి ఇంకా ఎవరూ చెప్పలేదు!