టకటక శాఖ, మెత్త శాఖ, ఒక పెళ్ళి

మానవ జాతిలో పేద, ధనిక అన్న భేదం ఇకమీదట లెక్కలోకి రాదు. మిగిలిన భేదం ఒక్కటే: టకటకలాడే కీబోర్డు ఇష్టపడేవారు, మెత్తటి కీబోర్డు ఇష్టపడేవారు. ఈ సత్యాన్ని ముందుగా గుర్తించిన ఘనత మా లుసేంగ పట్టణ సభ ఆఫీసుది. (దేవుడు మనుషుల్ని చేసినప్పుడు దీన్ని గమనించినట్టు లేదు. ఆయనకు మా ముకుపా గారి లాంటి కార్యదర్శి లేకపోయాడు.)

తెలియనివారి కోసం రెండు మాటలు. మెత్తటి కీబోర్డులో మీటల కింద రబ్బరు పొర ఉంటుంది. నొక్కితే పిల్లి నడిచినట్టు ఉంటుంది. రెండోదానిలో ఒక్కో మీటకూ ఒక్కో స్ప్రింగు. నొక్కితే రేకు కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు ఉంటుంది.

మా ఆఫీసులో మొదటినుంచీ మెత్తటివే ఉండేవి. అదే చిక్కు తెచ్చింది. జనం కూర్చునే వరండాకూ గుమాస్తాలకూ మధ్య చెక్క గోడ ఉంది. మా ఊరివాళ్ళు ఆ గోడకు చెవి ఆనించి, లోపల పని జరుగుతున్నదో లేదో తేల్చుకుంటారు. ఏమీ వినబడకపోతే టీ తాగుతున్నారని అర్థం. (చాలాసార్లు నిజమే.) ఇలా ఉండగా కపెంబ్వా అనే కుర్ర గుమాస్తా జొహానెస్‌బర్గ్ నుంచి సొంత టకటక కీబోర్డు తెచ్చుకున్నాడు. దాన్ని తగిలించిన రోజున వరండాలో జనం చప్పట్లు కొట్టారు. ఫైళ్ళు కదిలినందుకు కాదు. అవి కదల్లేదు. చప్పుడు వచ్చినందుకు.

ముకుపా గారు వెంటనే ఉత్తర్వు వేశారు: పనివేళల్లో సాయంత్రం ఐదింటి దాకా చప్పుడు ఆగరాదు. రెండో గుమాస్తా ఇనోంగే అమ్మగారు మాత్రం ఒప్పుకోలేదు. "నా వేళ్ళు నావి, నా చెవులు నావి. పిండివంట పొడి రాలినా, టీ ఒలికినా ఏమీ కాని రబ్బరు కీబోర్డును వదలను" అన్నారు. ఉద్యోగుల సంఘంవాళ్ళు వచ్చారు, చర్చలయ్యాయి. చివరికి గుమాస్తాలు ఇష్టమైన కీబోర్డు వాడుకోవచ్చని తేలింది. గుమాస్తాలకు ఇష్టం ఉన్నప్పుడు ప్రజలకు ఉండొద్దా అని ముకుపా గారికి న్యాయబుద్ధి పుట్టింది. అప్పటినుంచి దరఖాస్తుదారులు కూడా తమ ఇష్టం ప్రకటించాలి. టకటకవారి కాగితం కపెంబ్వాయే కొట్టాలి, మెత్తవారిది ఇనోంగే అమ్మగారే కొట్టాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. అప్పుడు ముతింతా అనే పిల్లకూ కలలుకా అనే కుర్రాడికీ పెళ్ళి కుదిరింది.

ఆ పెళ్ళికి అబ్బాయి తరఫు మధ్యవర్తిని నేను. పిల్లవాళ్ళకు కన్యాశుల్కంగా ఇవ్వాల్సిన ఆవుల సంగతి మాట్లాడాను, అలిగిన అమ్మమ్మను బతిమాలాను, అన్నీ ముగించాను. శనివారం గుళ్ళో పెళ్ళి. మోంగు నుంచి అబ్బాయి బంధువులు బస్సెక్కేశారు. పట్టణ సభ అనుమతి పత్రం బల్ల మీద పెట్టనిదే పెళ్ళి చేయనని పాస్టరు గారు ముందే చెప్పారు. గురువారం మధ్యాహ్నం పిల్లనూ పిల్లవాడినీ పిల్ల మేనత్తనూ వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను.

ఇనోంగే అమ్మగారు కలలుకాను అడిగారు: "నీ ఇష్టం ఏది బాబూ?"

"ముతింతాయేనండీ" అన్నాడు. మినీబస్సు నడిపే కుర్రాడు, దాపరికం తెలియదు.

"పిల్ల సంగతి కాదయ్యా, కీబోర్డు సంగతి."

అతను జన్మలో కీబోర్డు ముట్టలేదు. "మెత్తటిదే రాయండమ్మా. ఎవరికీ ఇబ్బంది ఉండకూడదు."

"నాకు టకటకది" అంది ముతింతా. "పని అవుతున్నట్టు నా చెవికి తెలియాలి."

ఇనోంగే అమ్మగారు కలం కింద పెట్టి, జబ్బు తేలిన రోగుల్ని చూసినట్టు ఇద్దరినీ చూశారు. "మిశ్రమ దంపతులు. కార్యదర్శి గారి దగ్గర విచారణ ఉంటుంది."

పిల్ల మేనత్త, మేమంతా లుయాండో వాళ్ళమ్మ అని పిలిచే ఆవిడ, ఊరుకోలేదు. ఆవిడ ఆవుల మందలు కాచే టోంగా, ఇనోంగే అమ్మగారు మా పిల్లవాడిలాగే నది ఒడ్డున బతికే లోజీ. మా దేశంలో ఈ రెండు తెగలకూ వదినామరదళ్ళ వరస. ఎంత మాటన్నా కోపం రాకూడదు.

"ఏం వదినా, నీళ్ళలో పుట్టి చేపల్లాగా పెరిగారు, చేపల్లాగే చప్పుడు లేకుండా పనిచేస్తారు. చేస్తున్నారో నిద్రపోతున్నారో ఎవరికి తెలుసు?"

"మీకేం వదినా, ఆవుల వెనక అరిచీ అరిచీ చెవులు పోయాయి. పక్కన పిడుగు పడితే తప్ప వినబడదు. అందుకే కపెంబ్వా కావాలి మీకు."

"ఆవులు మావే కానీ, అవి కావాలని మీ పిల్లవాడే వచ్చాడు కదమ్మా మా ఇంటికి!"

"ఆవులిచ్చేది మేము, తీసుకునేది మీరు. లెక్క కూడా తిరగేశావా వదినా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. విచారణ మాత్రం తప్పలేదు.

ముకుపా గారు కళ్ళద్దాలు తుడుచుకుని అన్నారు: "పెళ్ళికి ముందే ఇలా ఉంటే, రేపు ఇంట్లో ఏం చేస్తారు?"

"మా ఇంట్లో కీబోర్డు లేదండీ" అన్నాడు కలలుకా.

"ఇప్పటికి లేదు" అన్నారు ముకుపా గారు, చాలా దూరం చూస్తూ.

మధ్యవర్తిని కాబట్టి రాజీ చెప్పాను. పత్రంలో పిల్ల వివరాలు కపెంబ్వా కొడతాడు, పిల్లవాడి వివరాలు ఇనోంగే అమ్మగారు కొడతారు. ముకుపా గారు లేచి నాతో కరచాలనం చేశారు. కపెంబ్వా తన సగం కొట్టాడు. వరండాలో జనం తృప్తిగా తలలూపారు. ఇనోంగే అమ్మగారు తన సగం కొట్టారు. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఇక ప్రింటు తీయడమే మిగిలింది. అప్పుడు కరెంటు పోయింది.

తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది. కపెంబ్వా మాత్రం ఆగలేదు.

"ఏం కొడుతున్నావు నాయనా?" అని అడిగాను.

"ఏమీ లేదు పెద్దయ్యా. ఐదింటి దాకా చప్పుడు ఉండాలని ఉత్తర్వు."

గోడ అవతల ఎవరో అన్నారు: "పాపం, కరెంటు లేకపోయినా పని ఆపలేదు చూడండి!"

(మాటలు లేని ప్రార్థన కూడా దేవుడు వింటాడని మా గుళ్ళో చెబుతారు. ప్రార్థన లేని మాటల్ని ఏం చేస్తాడో ఎవరూ చెప్పలేదు.)

శుక్రవారం పొద్దున్నుంచీ కరెంటు లేదు. పదింటికల్లా కపెంబ్వా వేళ్ళు వాచాయి. చప్పుడు పలచబడింది. వరండాలో గొడవ మొదలైంది. ముకుపా గారు ఎంత వేగంగా కదలగలరో ఆ రోజు చూశాను. మధ్యాహ్నానికల్లా జనరేటర్ వచ్చింది, గోడ మీద మైకు వచ్చింది. కపెంబ్వా కొట్టిన చప్పుడును ముందే రికార్డు చేసి పెట్టుకున్నారు. దాన్ని వేశారు. జనం శాంతించారు.

"అయ్యా, ఆ జనరేటర్‌కే ప్రింటరు కూడా తగిలిస్తే ఈ పిల్లల పత్రం వచ్చేస్తుంది" అన్నాను.

"పెద్దయ్యా, జనరేటర్ మంజూరైంది చప్పుడు పద్దు కింద. ప్రింటరు ఆ పద్దులోకి రాదు."

"అదీ చప్పుడు చేస్తుంది కదండీ?"

ముకుపా గారు జాలిగా నవ్వారు. "కానీ దాని చప్పుడు కావాలని ఎవరూ అడగలేదు."

శనివారం గుడి నిండింది. మోంగు బంధువులు ప్రయాణపు బట్టల్లోనే ముందు వరసలో కూర్చున్నారు. వెనక గదిలో విందుకు వండిన మొక్కజొన్న ముద్ద, న్‌షిమా, చల్లారుతోంది. తెల్లగౌనులో ముతింతా తలవంచుకుని ఉంది. పాస్టరు గారు ఖాళీ బల్లను చూశారు, నన్ను చూశారు, పుస్తకం మూశారు. "పత్రం లేకుండా నా వల్ల కాదు" అన్నారు. కలలుకా చేతిలో ఉంగరాన్ని మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

అప్పుడు రోడ్డు అవతల ఆఫీసు వైపునుంచి వడగళ్ళ వాన లాగా చప్పుడు మొదలైంది. టకటకటకటక.

"విన్నావా పిల్లా!" లుయాండో వాళ్ళమ్మ ముతింతా గడ్డం పట్టుకుని పైకెత్తింది. "కన్నీళ్ళు తుడుచుకో. మనదే కొడుతున్నారు!"

గుడి అంతా చెవులు రిక్కించింది. ముఖాలు విప్పారాయి. ముతింతా నవ్వింది. పాస్టరు గారు కూడా పుస్తకం తెరిచి, "అయితే కాసేపు ఆగుదాం" అన్నారు. నేను పత్రం తెస్తానని చెప్పి రోడ్డు దాటాను.

తలుపుకు తాళం వేసి ఉంది, చప్పుడు గోడ మీది మైకులోంచి వస్తోంది. శనివారం ఆఫీసుకు సెలవు.