కుర్చీలోంచి లేపిన కొమ్ము

ఆ రోజు స్వరూప వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే లాల్‌దర్వాజాలో మేనమామ మల్లన్న ఇంటికి వెళ్లాలి, మిద్దె మీద ఆయన చేత కొమ్ము ఒక్కసారి ఊదించాలి, రికార్డు చేసుకుని టిఫిన్ వేళకు మలక్‌పేటలోని ఆఫీసులో ఉండాలి. ఇంత చిన్న పనిని చెడగొట్టాలన్నా ఎవరో ఒకరు శ్రమ పడాలి. ఆ శ్రమను గల్లీవాళ్లంతా తలా కాస్త పంచుకున్నారు.

స్వరూప పనిచేసేది వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీలో. రుక్మాబాయి అనే పెద్దావిడ ఇంటి పై అంతస్తు అద్దెకు తీసుకుని నడుపుతున్నారు. రుక్మాబాయికి మోకాళ్ల నొప్పులు. మోటారు ఆపమన్నా, మెట్ల మీద చెప్పులు తీయమన్నా కింద నుంచి కేక వేయడమే తప్ప, తన ఇంటి పై అంతస్తు ఎలా ఉందో ఆవిడే మరిచిపోయింది.

కంపెనీ ఇప్పుడు చేస్తున్నది కోటలు, రాజులు, రెక్కల రాక్షసులు ఉన్న యుద్ధం ఆట. శత్రుసైన్యం కోట ముందుకు రాగానే ఒక బూర మోగాలి. దానికోసం ఓనరు విశాల్ ఏదో పరాయి దేశపు బూర చప్పుడు ఇంటర్నెట్టులో కొనేశాడు. గేములో చప్పుళ్లన్నీ చూసుకునే స్వరూప ముందు రోజే అడ్డం పడింది.

"కోట మనది, రాజు మనోడు, ఆఖరికి రాక్షసుడు గూడ మనోడే. బూర ఒక్కటి బయటోళ్లదా సార్? మా మామ కొమ్ము ఊదుతడు, వినుండ్రి."

"రేపు సాయంత్రం దాకా టైం," అన్నాడు విశాల్. "కానీ ఆ సౌండ్ వినగానే ప్లేయర్ కుర్చీలోంచి లేవాలి. లేవకపోతే నేను కొన్నదే ఫైనల్."

"లేస్తరు," అంది స్వరూప. అన్నమాట మీద నిలబడటం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. దానికి మందు లేదు.

మల్లన్న కరెంటు ఆఫీసులో లైన్‌మన్. బోనాలప్పుడు మాత్రం గల్లీ గల్లీ తిరిగే అమ్మవారి ఘటం ముందు నడుస్తూ కొమ్ము ఊదుతాడు. మేనకోడలి కోసం సెలవు పెట్టి, తన ఒంపు తిరిగిన ఇత్తడి కొమ్మును చింతపండుతో తోమి మిద్దె మీదికి తెచ్చాడు గానీ, ఆయన మనసు ఒప్పుకోవడం లేదు.

"ఉత్తగ ఊదుడేంది బిడ్డా? ముంగట ఘటం లేకపాయె, పక్కన డప్పు లేకపాయె."

"ముంగట మైకు ఉన్నది గద మామా! ఒక్క ఊపిరి చాలు. మధ్యల దగ్గకు."

మల్లన్న కళ్లు మూసుకుని ఊదాడు. కొమ్ము లేచింది, గల్లీ కూడా లేచింది. అది ఆషాఢ మాసం. ఆషాఢంలో ఆ గల్లీలో కొమ్ము వినబడితే దానికి ఒక్కటే అర్థం, ఘటం గుమ్మం ముందుకు వచ్చిందని. ఆడవాళ్లు పొయ్యి మీద ఉన్నది పొయ్యి మీదే వదిలేసి, బిందె నీళ్లలో పసుపు కలిపి, వేపాకు వేసి, ఘటంతో వచ్చినవాళ్ల కాళ్ల మీద పోయడానికి వాకిట్లోకి పరుగెత్తుతారు. స్వరూప అక్కడే పుట్టి పెరిగింది, ఇదంతా తెలియనిది కాదు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాక మాత్రం ఆమెకు మైకు తప్ప మాసం గుర్తుండదు.

"ఘటం యాడున్నదే?" అని కింద నుంచి నాగమణమ్మ కేక. ఎదురింటి బట్టల వ్యాపారి కైలాసం భార్య. "ఇయ్యాల వస్తదని ఎవ్వరు జెప్పలే!"

విషయం చెప్పి పంపేద్దామని మల్లన్న కొమ్ము చేత పట్టుకునే కిందికి దిగాడు, వెనకే స్వరూప. ఆయన నోరు తెరిచేలోగా నాగమణమ్మ బిందెడు నీళ్లు ఆయన కాళ్ల మీద పోసేసింది.

"అయిపాయె," అన్నాడు మల్లన్న.

"ఏమైంది మామా?"

"కాళ్ల మీద నీళ్లు వడ్డయి. కొమ్ము వట్టినోని కాళ్ల మీద నీళ్లు వడితే గుడి దాక నడవాలె గని మళ్ల ఇంట్లకు తిరుగొద్దు. మా నాయిన మాట."

"గిది కంప్యూటర్ల వెట్టనీకి మామా! అమ్మవారి పని గాదు!"

"గది నీళ్లకెట్ల తెలుస్తది బిడ్డా?"

స్వరూప మైకు కట్టిన పొడుగు కర్ర భుజాన వేసుకుని, రికార్డరును పాలిథిన్ కవరులో చుట్టుకుని మామ వెనక నడిచింది. గుడి ఇంకా దూరం. దారిలో ఒక్క ఊపిరి దొరకకపోతుందా!

పక్కింటి ముందు ఊదితే ఆటో హారన్ పడింది. ఆ పక్కింటి ముందు ఊదితే కుక్కర్ కూత పడింది. ప్రతి గుమ్మంలో మల్లన్న కాళ్ల మీద నీళ్లు, వెనకే ఉన్నందుకు స్వరూప నెత్తిన కొన్ని. "ఇంకొక్కటి మామా," అంటూ ఆమె తుడుచుకుని మళ్లీ మైకు ఎత్తింది. ఇంతలో మూల మీద నుంచి డప్పు అంజన్న ఊడిపడ్డాడు, మొహం ముడుచుకుని.

"నన్ను ఇడిసి కొమ్ము తీస్తరా మల్లన్నా? గింత పరాయోన్నయిననా?"

"అంజన్నా, నీ కాల్మొక్త, జరసేపు డప్పు ఆపరాదే," అని స్వరూప బతిమాలింది.

"ఓహో! మైకులు మేనమామలకేనా?" అని అంజన్న ఉక్రోషం కొద్దీ ఇంకా గట్టిగా వాయించాడు. డప్పు వినబడగానే సందేహంలో ఉన్న మిగతా గల్లీ కూడా బయటికి వచ్చేసింది. కైలాసం దుకాణంలోంచి కొత్త తువ్వాలు తెచ్చి మల్లన్న భుజాన వేసి, తన కౌంటర్ ముందు ప్రత్యేకంగా ఊదించుకున్నాడు. ఆ ఊపిరి నిజంగా బాగుండేది, చివర్లో "జీఎస్టీ గూడ తగ్గేటట్టు జూడు తల్లీ" అని ఆయన మొక్కుకోకపోతే.

గుడి మలుపు వచ్చేసరికి వెనక గల్లీ అంతా ఉంది, రికార్డరులో మాత్రం పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. మల్లన్న చెవిలో చెప్పాడు. "గుడి మెట్లకాడ ఊదుడే ఆఖరు. తర్వాత కొమ్ము సంచిల వెడత."

స్వరూపకు ఏడుపొచ్చింది. సాయంత్రం విశాల్ మొహం కళ్ల ముందు మెదిలింది. ఏడుపు కాస్తా పంతంగా మారింది. గుడి మెట్ల పక్కనున్న అరుగు ఎక్కింది. తడిసిన జుట్టు విరబోసినట్టు ఉంది, నుదుటి నిండా నాగమణమ్మ పూసిన కుంకుమ, ఒళ్లంతా పసుపు నీళ్లు, చేతిలో కర్ర, కర్ర చివర బొచ్చు తొడిగిన మైకు, దానికి అతుక్కున్న వేపమండ.

"ఎవ్వరు నోరు దెరవొద్దు!" అని గర్జించింది. "కొమ్ము ఒక్కటే పలకాలె!"

నాగమణమ్మ బిందె కింద పెట్టి చేతులు జోడించింది. "అమ్మ పలుకుతున్నది!"

అంతే. అంజన్న డప్పు దించాడు. ఆటోవాడు ఇంజను ఆపాడు. గుంపులోంచి ఎవరో భయంభయంగా, "తల్లీ, ఈసారి వానలు మంచిగ వడ్తయా?" అని అడిగారు.

"ముందు ఫోన్లు బంద్ వెట్టుండ్రి!"

భక్తితో అందరూ ఫోన్లు ఆపేశారు. పాతబస్తీలో అలాంటి నిశ్శబ్దాన్ని ఎవరూ ఎరగరు. మల్లన్న ఛాతీ నిండా గాలి పీల్చి ఊదాడు. ఆ నాదం గోడలను తాకి, మెల్లగా ఆకాశంలోకి పోయి ఆగింది. హెడ్‌ఫోన్లలో దాన్ని ఆఖరిదాకా విని స్వరూప రికార్డరు ఆపింది.

"నాకేం పూనలే పెద్దమ్మా," అని తర్వాత నాగమణమ్మతో నిజం చెప్పేసింది. "రికార్డింగ్ కోసం ఒర్రిన."

"నాకు సమజైందిలే. ఫోన్ల సంగతి అమ్మకేం పని? గని గీ గల్లీ నోరు మూసిందంటే అది అమ్మ చలువనే," అంది నాగమణమ్మ.

సాయంత్రం ఆఫీసులో విశాల్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని విన్నాడు.

"బాగుంది. క్లీన్‌గా ఉంది. కానీ చూడు, నేను లేచానా?"

నిజమే, లేవలేదు. స్వరూప తన బట్టల మీది పసుపు మరకలు చూసుకుంది. పొద్దున్నుంచి ఎంతమంది లేచారు! ఆమె ఇయర్‌ఫోన్స్ వైరు పీకేసి, పెద్ద స్పీకర్లు కలిపి, కిటికీ తెరిచి, చప్పుడు పూర్తిగా పెంచి మీట నొక్కింది.

కొమ్ము మలక్‌పేట మీద పడింది. విశాల్ చెవులు మూసుకున్నాడే గానీ లేవలేదు. "చూశావా స్వరూపా, ఇంకా కూర్చునే..." అంటుండగా మెట్ల మీద ఆయాసం వినబడింది. తలుపు తోసుకుని రుక్మాబాయి వచ్చింది, మోకాళ్ల నొప్పులతో సహా, చంకలో బిందెతో.

"ఘటం మా ఇంటి మీదికే వచ్చిందా నాయినా!" అంటూ, ఎదురుగా చాపి ఉన్న కాళ్ల మీద బిందెడు పసుపు నీళ్లు భక్తిగా పోసింది. కింద వైర్ల వైపు పారుతున్న నీళ్లను చూసి విశాల్ కెవ్వుమని కుర్చీలోంచి లేచి, ఆ కుర్చీ మీదే నిలబడ్డాడు.

"లేచిండ్రు సార్," అంది స్వరూప. "ఇగ గుడి దాక నడవాలె. నీళ్లు వడ్డ కాళ్లు ఎనుకకు తిరుగొద్దు."

కొమ్ము గేములోకి ఎక్కింది. గేము తెరవగానే ఇప్పుడు మొట్టమొదట కనిపించేది కోట కాదు, ఒక సూచన: "ఆషాఢ మాసంలో దయచేసి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మాత్రమే ఆడగలరు."