మైకు బావ పట్టించిన మౌనవ్రతం

మొగుడు పాడ్‌కాస్టు మొదలుపెడితే పెళ్లాం దశ తిరుగుతుంది. నవ్వకండి. బట్టలు కుట్టే ఒక ఇల్లాలి విషయంలో అక్షరాలా ఇదే జరిగింది.

ఆమె భర్తకు లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం. ఆఫీసులో తన మాట ఎవరూ వినడం లేదని, లోకమంతా వినేలా ఒక మైకు కొన్నాడు. ఆనాటి నుంచి ఆమె తమ్ముడు ఆయన్ని మైకు బావ అంటున్నాడు. కార్యక్రమం పేరు ‘మనసు విప్పి మాట్లాడుకుందాం’. మాట్లాడేది మాత్రం ఆయనొక్కడే.

మొదట హాల్లో రికార్డు చేశాడు. ఫ్యాను హోరుమంటోందని ఆపించాడు. ఫ్రిజ్ గురకపెడుతోందని దాన్నీ ఆపి, మళ్లీ వేయడం మరిచాడు. పాలు విరిగాయి. అత్తగారు దగ్గొస్తే బాత్రూముకు పరుగెత్తి, తలుపేసుకుని దగ్గి వచ్చేది. కళకు ఆమాత్రం సేవ చేయొద్దా?

తర్వాత కారులో అద్దాలెత్తుకుని కూర్చున్నాడు. చెమటకు మైకు చేతిలోంచి జారింది. ఆఫీసులో పాడైన లిఫ్టులో దూరితే, ‘ఓర్పు’ మీద ప్రసంగం సగంలో ఉండగా ఎవరో ఇరుక్కుపోయారనుకుని మెకానిక్కులు తలుపు పెకలించారు. ఆయన వాళ్లను తిట్టిన తిట్లు కూడా చక్కగా రికార్డయ్యాయి.

చివరికి స్వర్గం ఇంట్లోనే దొరికింది. భార్య కుట్టు గది. గోడలనిండా వేలాడే బట్టలు, మూలల్లో తానులు. అక్కడ ఆయన గొంతు పట్టుగుడ్డలా మెత్తగా పలికింది.

“నువ్వు కాసేపు మిషను ఆపు,” అన్నాడు.

“స్కూలు యూనిఫారాలు సోమవారానికి ఇవ్వాలండీ.”

“ఈసారి టాపిక్కు ‘భార్య కష్టాన్ని గుర్తించడం ఎలా’. మధ్యలో నీ టకటక వస్తే ఏం బాగుంటుంది?”

కాసేపు కాస్తా పూటయింది, పూట కాస్తా వారమైంది. తన గదిలోకి వెళ్లడానికి ఆమే గుమ్మంలో నిలబడి అనుమతి అడగాల్సి వచ్చింది. సోమవారం స్కూలు నుంచి వచ్చిన ఆయా ఉత్త చేతులతో తిరిగి వెళ్లింది. ఇన్నేళ్లలో ఆమె మాట తప్పడం అదే మొదలు. ముఖం చెల్లక తల దించుకుంది. అవతల, తలుపు వెనక నుంచి భర్త గొంతు ఇల్లాలే ఇంటికి వెలుగని సెలవిస్తోంది.

ఆమె పోట్లాడలేదు. తమ్ముణ్ని పిలిచి, వీధి చివర ఖాళీగా ఉన్న గదిని అద్దెకు తీసుకుంది. భర్త ఆఫీసుకు వెళ్లగానే మిషను, తానులు, కత్తిరింపు బల్ల, ఆఖరికి కిటికీ తెరలు కూడా తరలించేసింది.

సాయంత్రం మైకు బావ ఆ గదిలో కూర్చుని “నమస్కారం” అన్నాడు. బోడి గోడలు “నమస్కారం” అన్నాయి. ఏ మాటన్నా తిరిగొచ్చి ఆయన చెవిలోనే పడింది. ఊరందరినీ విని తరించమన్న ప్రసంగాన్ని ఆయన వినడం అదే మొదటిసారి. పట్టుమని నాలుగు వాక్యాలు భరించలేకపోయాడు.

మైకు చంకన పెట్టుకుని కొత్త కొట్టుకు వెళ్లాడు.

“ఇక్కడ ఓ మూల కూర్చుంటానే. బట్టలున్నాయి కదా.”

“కూర్చోండి,” అంటూ ఆమె గుండీల డబ్బా, సూదీదారం ఆయన ముందు పెట్టింది. “ఈ చొక్కాలన్నిటికీ గుండీలు కుట్టాలి.”

ఆయన ఏదో అన్నాడు. మిషను చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

ఇప్పుడామె కొట్టుకు బోర్డుంది, చేతి కింద ఇద్దరు పనివాళ్లున్నారు. కాబట్టి అమ్మలారా, మీ ఆయన మైకు కొంటానంటే అడ్డుపడకండి. వీధి చివర ఖాళీ గది ఉందో లేదో మాత్రం ముందే చూసి పెట్టుకోండి.