అయస్కాంతం వదలని గిన్నెలు

ఉదయగిరిలో కొత్తగా మెస్సు తెరుస్తున్న మాల్యాద్రి మధ్యాహ్నం వస్తాడని, ఆలోగా పన్నెండు పెద్ద గిన్నెలు తుడిచి పెట్టాలని ఆ ఉదయం ప్రేమలత అనుకుంది. ఆత్మకూరులో వాళ్ల స్టీలు సామాన్ల అంగడికి ఎదురుగా ఇంకో అంగడి వెలిశాక వచ్చిన మొదటి పెద్ద బేరం అది. ఇంతలో అతనే ఫోన్ చేశాడు.

"అయస్కాంతం తెస్తన్నా. పెట్టి చూసినాకే తీసుకుంటా."

ప్రేమలత భర్త రాజమోహన్ తాగుతున్న కాఫీ పక్కన పెట్టేశాడు. అయస్కాంతం అంటుకుంటే అది నాసిరకం స్టీలని కొనేవాళ్ల నమ్మకం. లోపలికి పోయి ఇంట్లో ఉన్న అయస్కాంతం ఒకటి తెచ్చి అన్నిటికీ పెట్టి చూశాడు. పన్నెండూ దాన్ని కావిలించుకున్నాయి.

సరిగ్గా అప్పుడే ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే కూతురు నవ్యశ్రీ కాలేజీలో చెప్పాల్సిన పాఠం గోడకు అప్పజెబుతోంది: "విపరీతమైన ఒత్తిడి పెడితే ఇనుము అయస్కాంత గుణాన్ని కోల్పోతుంది."

రాజమోహన్ ముఖం వెలిగింది. "ఏమే, కుక్కర్ తీయి."

ఒక గిన్నె మూతకు ఎనిమిది విజిళ్లు వేయించాడు. కడిగిన కందిపప్పు తన వంతు కోసం బయట కూర్చుంది. మూత ఉడకలేదు, అయస్కాంతాన్ని వదలనూ లేదు.

"నాయనా, అది గాలి ఒత్తిడికి లక్ష రెట్ల పైన ఉండాల," అంది నవ్యశ్రీ. "భూమిలో వందల కిలోమీటర్ల లోతున ఉండేది."

"అయితే కుక్కర్ చాలదు," అన్నాడు రాజమోహన్.

గిన్నెలన్నీ ఆటోలో వేసుకొని మాలకొండయ్య లారీ షెడ్డుకు బయలుదేరాడు. ప్రేమలత కూడా ఎక్కింది, ఆపడానికి కాదు, చూడడానికి. బేరింగులు ఊడదీసే ప్రెస్సు కింద మొదటి గిన్నె పళ్లెమైంది. అయస్కాంతం టక్కున అంటుకుంది.

"ఇంకొంచెం నొక్కబ్బా."

"ఇంక నొక్కితే కాగితమైతాది," అన్నాడు మాలకొండయ్య.

"అయితే ఇంకోటి పెట్టు. ఇది మొండిది."

"ఏమయ్యా, ఒకటి చాలదా?" అంది ప్రేమలత.

"నువ్వు చదివింది బీకామే. ఊరుకో," అన్నాడు పది తప్పిన రాజమోహన్.

పన్నెండూ మొండివే అని తేలింది.

తిరిగి వచ్చేసరికి మాల్యాద్రి అంగడి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. రాజమోహన్ నోరు తెరిచేలోపే పై పళ్లేనికి అయస్కాంతం ఆనించాడు. అది గట్టిగా పట్టుకుంది.

"ఈ స్టీలే కావాల మాకు," అన్నాడు మాల్యాద్రి. "మాయి ఇండక్షన్ స్టవ్‌లు. అయస్కాంతం పట్టని గిన్నె వాటిమీద వేడెక్కదంట. ఎదురంగట్లో ఒక్కటీ పట్టలా. సరే, గిన్నెలేవి?"

"ఇయ్యే," అన్నాడు రాజమోహన్ నేల చూస్తూ.

మాల్యాద్రి ఒకదాన్ని అటూ ఇటూ తిప్పాడు. "రేపే మెస్సు తెరిచేది. దీంట్లో సాంబారు ఎట్ట కాసేది?"

రాజమోహన్ ప్రేమలత వైపు చూశాడు. ప్రేమలతే నెమ్మదిగా అడిగింది. "మీ మెస్సులో అట్లు పోయరా అన్నా?"

మర్నాడు ఉదయగిరిలో మెస్సు తెరుచుకుంది: పొద్దున అట్లు, మధ్యాహ్నం అట్లు, రాత్రి అట్లు.