పలకని మూల

పరధ్యానంగారికి జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే. పిలుపు రాని ఒక మధ్యాహ్నం.

పరధ్యానం ఆయన అసలు పేరు కాదు. ఆయన కొట్టుకి వచ్చే నాటకాలవాళ్ళు పెట్టుకున్నది. ఎవరైనా చేతికర్ర అడిగితే ఆయన లోపలికి వెళ్ళి, దాని ముందు నిలబడి, మనిషికి మూడో కాలు ఏ వయసులో అవసరమవుతుందా అని ఆలోచించి, ఒట్టి చేతులతో తిరిగొచ్చేవాడు.

భార్యాభర్తలిద్దరూ కలిసి నాటకాలకూ సినిమాలకూ సామాను అద్దెకిస్తారు. ముందు గదిలో కౌంటరు, దాని వెనక పొడుగాటి గోదాము. అందులో ఎటూ తెరుచుకోని తలుపులు, ఏ ఇంటికీ చెందని కిటికీలు, తీగల్లేని టెలిఫోన్లు, ఉయ్యాలలు, గడ్డి కూరిన మొసలి. కౌంటరు ఆవిడది, గోదాము ఆయనది. ఎవరికైనా ఏదైనా కావలసి వస్తే ఆవిడ కూర్చున్నచోటినుంచే "ఏమండీ" అనేది. ఆ పిలుపు గోడలకి తగులుకుంటూ చివరిదాకా వచ్చేది.

చివర, తలుపుల వరస వెనక, ఒక సింహాసనం ఉండేది. ఒట్టి చెక్కకి బంగారు రంగు వేసింది. దాని చేతుల మీది సింహాల్లో ఒకదానికి ముక్కు అరిగిపోయింది. ఆయన దాని చుట్టూ సామాను లేకుండా ఖాళీ చేసుకుని, అందులో కూర్చుని ఆలోచించుకునేవాడు. ఆలోచన ఒక కొలిక్కి వచ్చేలోపు "ఏమండీ" వచ్చేది. వెళ్ళి, ఆ పని చూసి, తిరిగొచ్చేసరికి తెగిన కొస దొరికేది కాదు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క ఆలోచనా పూర్తిచెయ్యలేదు. పూర్తిచేసి ఉంటే తను ఎలాంటివాడయ్యేవాడో అన్నది కూడా సగమే ఆలోచించాడు.

అలాంటి సమయంలో బావమరిది చిప్పుల వ్యాపారంలో దిగాడు.

గోరంత చిప్పు. దాన్ని వస్తువుకి అతికించి, ఫోనులో మీట నొక్కి ఆ వస్తువు పేరు చెప్పాలి. ఫోను చెవిన పడ్డ మొదటి మాటే దాని పేరు. ఆ తర్వాత ఎప్పుడు ఫోను ముందు ఆ పేరు పలికినా, గోదాములో ఆ వస్తువు ఎక్కడున్నా కుయ్ మంటుంది. ఇక వెతుక్కోవడమే ఉండదు బావా, సామానే మిమ్మల్ని పిలుస్తుంది, అన్నాడు బావమరిది.

పరధ్యానంగారు సంచెడు చిప్పులు తీసుకున్నాడు. ఎందుకివన్నీ అని భార్య అడిగితే, నీ గొంతుకి కాస్త విశ్రాంతి ఉంటుందని, అన్నాడు. నా గొంతు బాగానే ఉంది, మీ చెవుల సంగతి చూసుకోండి, అంది ఆవిడ. తర్వాత సంచీలోకి తొంగిచూసి, "మొత్తానికి మా తమ్ముడు మీ చేతికి చిప్పిచ్చాడు" అంది. ఆవిడ అన్నది చిప్పు అనా, అడుక్కునే చిప్ప అనా అన్నది ఆయనకు తేలలేదు. చిప్పు ఇచ్చాడన్నా, చిప్ప ఇచ్చాడన్నా ఆ మాట అలాగే వినిపిస్తుంది.

పేర్లు పెట్టడం ఆయన అనుకున్నంత తేలిక కాలేదు. మీట నొక్కి ఉయ్యాల ముందు నిలబడేవాడు. ఇందులో ఎప్పుడూ బిడ్డ పడుకోలేదు కదా, దీన్ని ఉయ్యాల అనొచ్చా? ఆ సందేహం తీరేలోపు ముందు గదిలోంచి "ఏమండీ" వినిపించేది. వెళ్ళొచ్చి చూస్తే చిప్పు మీద పచ్చదీపం వెలుగుతూ ఉండేది. పేరు పడిందనడానికి అదే గుర్తు. ఏం పేరు పెట్టాడో గుర్తులేదు. పెట్టే ఉంటానులే అనుకుని పక్కదాని దగ్గరికి జరిగేవాడు.

అలా గోదాము పొడుగునా అతికించుకుంటూ వెళ్ళి సింహాసనం దగ్గర ఆగాడు. చిప్పు కాసేపు అరచేతిలో పెట్టుకు చూసి, జేబులో వేసుకున్నాడు. పేరున్నదాన్ని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు పిలుస్తారు.

మర్నాటినుంచి ఆవిడ కౌంటరు మీద ఫోను పెట్టుకుని "దర్బారు దీపం" అంటే దర్బారు దీపం కుయ్ మంది. "గుడ్డివాడి కళ్ళజోడు" అంటే అదీ పలికింది. వచ్చినవాళ్ళే లోపలికి వెళ్ళి, చప్పుడు వినపడ్డచోట చెయ్యిపెట్టి తెచ్చుకుంటున్నారు. ఆయన్ని పిలవాల్సిన పని పడలేదు.

పరధ్యానంగారు సింహాసనం మీద వెనక్కి వాలాడు. మొదటిసారిగా ఒక ఆలోచన పూర్తయింది. అది అంత గొప్పదేం కాదు. రెండోదీ పూర్తయింది. అది మొదటిదే.

కొన్నాళ్ళకి ఆయన ఆలోచించడం మానేశాడు. పిలుపు రావడం లేదన్న సంగతిని వింటూ కూర్చునేవాడు. అంతకుముందు పిలుపు వచ్చినప్పుడల్లా, అబ్బా, మళ్ళీ నేనేనా అనుకునేవాడు. ఆ విసుగులో తనొకడు ఉన్నాడన్న ధీమా కూడా ఉండేదని అప్పుడు తెలియలేదు. భోజనం దగ్గర ఆవిడ ఫోను పక్కనే పెట్టుకుంటోంది. దీనికి చెప్పింది చెప్పినట్టు అర్థమవుతుందండీ, అంది ఒకరోజు. పొగిడింది ఫోనునే. అయినా ఆయన తన కంచం కాస్త ఇవతలికి జరుపుకున్నాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం రాజావేషాలాయన వచ్చాడు. భారీమనిషి. సాయంత్రమే నాటకం, సింహాసనం కావాలమ్మా అన్నాడు. ఆవిడ "సింహాసనం" అంది. అలాంటి వస్తువు లేదని ఫోను చెప్పింది. ఉందండీ, దాని సింహాలు నా చేత్తో తుడిచాను, అని ఆవిడ ఫోనుతో వాదించింది. లేదంది ఫోను. కూర్చోడానికి కుర్చీ లేకపోతే నేనేం రాజునమ్మా అని ఆయన దిగులుపడ్డాడు.

ఇదంతా సింహాసనం మీద కూర్చున్న మనిషికి వినపడుతూనే ఉంది. లేచి ఇచ్చేస్తే ఆ ఒక్క చోటూ పోతుంది. ఇవ్వకపోతే తను దొంగ అవుతాడు. అటూ ఇటూ తేల్చుకోలేక ఊపిరి బిగబట్టాడు.

"ఏమండీ" అంది ఆవిడ.

ఎన్నాళ్ళకి విన్నాడు. "ఆఁ" అనడానికి నోరు తెరిచాడు.

ఈలోపు ఉయ్యాల కుయ్ మంది. తర్వాత మొసలి. తర్వాత టెలిఫోన్లూ, కిటికీలూ, పక్క వరసలో గాడిద తలా. గోదాము సగానికి పైగా పలికింది. ఆయన పేర్లు వెతుక్కుంటూ నిలబడ్డప్పుడల్లా ఫోను చెవిన మొదట పడ్డ మాట అదేనని ఆయనకి అప్పుడు తట్టింది. తను పలకాల్సిన పిలుపుని ఇన్నిటికి పంచిపెట్టాడు. ఇప్పుడు తను కూడా "ఆఁ" అంటే, గాడిద తల తర్వాతివాడవుతాడు.

నోరు మూసుకున్నాడు.

ఆవిడ మళ్ళీ పిలిచింది. మళ్ళీ అన్నీ పలికాయి. రాజావేషాలాయన చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా, "వీరిలో మీవారెవరమ్మా?" అని అడిగాడు.

"ఎవరైతేనేం బాబూ" అంది ఆవిడ. "ఇన్నేళ్ళనుంచీ పిలుస్తున్నాను, పిలిచిన వెంటనే పలికినవాళ్ళు లేరు. ఇవాళ మొసలి కూడా పలికింది."

ఆవిడ ఫోను చేత్తో పట్టుకుని గోదాములోకి వచ్చింది. ఒక్కో వరస దగ్గరా ఆగి ఏమండీ అంటోంది. కుయ్ కుయ్ మంటున్న వాటిని దాటుకుంటూ వస్తోంది. తలుపుల వరస దాకా వచ్చి పిలిచింది. ఆ వెనకనుంచి ఏ చప్పుడూ రాలేదు. తలుపు పక్కకి జరిపింది.

"అన్నీ పలికాయి. ఈ మూలొక్కటే పలకలేదు. మీరిక్కడే ఉన్నారనుకున్నాను."

"పలుకుదామనే అనుకున్నాను" అన్నాడు ఆయన. "నాకంటే ముందు ఉయ్యాల పలికింది."

ఆవిడ నవ్వలేదు. లేవమన్నట్టు చూసింది. రాజావేషాలాయన సింహాసనాన్ని భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. నేలమీద దాని కాళ్ళున్న చోట్లు మాత్రం దుమ్ము లేకుండా మిగిలాయి. పరధ్యానంగారు ఆ చోట్ల మధ్య నిలబడ్డాడు. ఆవిడ వెళ్ళి, కోర్టు సీనులో జడ్జి కూర్చునే కుర్చీ ఈడ్చుకొచ్చి సరిగ్గా అక్కడే వేసింది. ఆయన కూర్చోబోయాడు.

"ఇది నాకు" అంది ఆవిడ. "రేపట్నుంచి కౌంటరు మీరు చూసుకోండి."

"ఇక్కడ కూర్చుని నువ్వేం చేస్తావు?"

"ఏమో. నాక్కూడా ఏమైనా ఆలోచనలున్నాయేమో చూస్తాను."

మర్నాడు ఆయన కౌంటరు వెనక కూర్చున్నాడు. పిల్లల చేత నాటకాలు వేయించే టీచరమ్మ వచ్చి ఉయ్యాల కావాలంది. ఆయన ఫోనుతో "ఉయ్యాల" అన్నాడు. అలాంటి వస్తువు లేదంది ఫోను. దాన్ని పలికించే మాట ఆయనకి తెలుసు. కానీ పెళ్ళాం మొగుణ్ణి పిలిచే ఆ మాట మగవాడి నోట ఎలా వస్తుంది? వచ్చినా గోదామంతా పలుకుతుంది.

భార్యని పిలుద్దామని లోపలికి తిరిగాడు. పిలవబోతుంటే, ఎప్పుడైనా తను ఆవిడని పిలిచాడా అని సందేహమొచ్చింది. మంచినీళ్ళు కావాలనుకునేసరికి మంచినీళ్ళు వచ్చేవి. కళ్ళజోడు అనుకునేసరికి కళ్ళజోడు. ఆవిడకి ఒక పిలుపంటూ పెట్టుకునే అవసరమే పడలేదు. అందరు మొగుళ్ళూ అనే మాటొకటి గుర్తొచ్చింది.

"ఇదిగో" అన్నాడు.

లోపల్నుంచి చప్పుడు లేదు. ఒక్క వస్తువు కూడా కుయ్ మనలేదు.

టీచరమ్మ ఆశగా ముందుకి వంగింది. ఆయన చేతులకేసి చూసింది. కౌంటరు మీదా, కిందా చూసింది.

ఆయన ఇంకాస్త గట్టిగా, "ఇదిగో" అన్నాడు.

"ఏదండీ?" అంది టీచరమ్మ.